నడి ఎండలో చలికాలం

అందరికీ నమస్కారం.

ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక వరండాలో నిలబడ్డవాళ్లు, మెట్ల మీద కూర్చున్నవాళ్లు నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నారు. ల్యాబులో పనిచేసేవాళ్లు ఉన్నారు. క్లినిక్కుల నుంచి వచ్చిన నర్సులు ఉన్నారు. మన బండ్లవాళ్లంతా ఉన్నారు. సీటు కవర్లు కుట్టే వీధి నుంచి షట్టర్లు దించేసి వచ్చినవాళ్లు ఉన్నారు. మీ అందరికీ, ఇవాళ మనం ఎవరి కోసం ఇక్కడ చేరామో, ముందు వరసలో కూర్చున్న ఆమె భర్తకీ, ఆయన పక్కనున్న పాపకీ నేను ఏదో ఒక ఓదార్పు మాట చెప్పాలి. చెప్పాలనే వచ్చాను. తీరా ఇక్కడ నిలబడ్డాక నా నోట ఒకే మాట వస్తోంది. ఇదేమిటి? ఇదెలా జరిగింది?

నేనెవరో తెలియనివాళ్లకు చెబుతున్నాను. మన శాంపిళ్ల ఆఫీసులో ఫోను దగ్గర కూర్చునేది నేనే. ఏ క్లినిక్కులో రక్తం తీసి పెట్టారో, ఏ బండి అక్కడికి వెళ్లాలో, ఆ ఐసు డబ్బా ల్యాబుకి ఎప్పటికి చేరాలో చూసుకోవడం నా పని. అందుకే నన్ను ఫోనక్క అంటారు. ఇన్నేళ్లలో నేను అందరికంటే ఎక్కువసార్లు విన్న గొంతు ఆమెది. "ఫోనక్కా, చేరిపోయాను." అంతే, పొడి మాట. ఎక్కడికి పంపినా ఆఖరున ఆ మాట వచ్చేది. అది వింటే నేను నిశ్చింతగా ఇంకొకరికి ఫోను తిప్పుకునేదాన్ని.

పోయిన గురువారం మధ్యాహ్నం ఆ మాట రాలేదు. ఆమె నంబరు నుంచి ఎవరో మగమనిషి గొంతు వచ్చింది. "ఈ ఫోను ఎవరిదండీ? మీరు ఆమెకి ఏమవుతారు?" అన్నాడు.

ఏమవుతాను నేను? ఆమె నన్ను అక్క అంది. ఆమె భర్తని నేను మరిది అన్నాను. వాళ్ల పాప నన్ను పెద్దమ్మ అంటుంది. రక్తసంబంధం ఏమీ లేదు. ఆ రోడ్డు మీద మనిషికి ఇదంతా ఎలా చెప్పను? "మా మనిషే బాబూ, మా మనిషే" అన్నాను.

మిత్రులారా, ఆమెని మనమంతా చలికాలం అని పిలిచాం. ఆ పేరు ఎలా వచ్చిందో కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు.

ఆమె పనిలో చేరింది నడి వేసవిలో. మన ఆఫీసు గది తెలుసు కదా, పైన రేకులు. మధ్యాహ్నం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. మగవాళ్లంతా చొక్కా గుండీలు విప్పుకుని, తడిగుడ్డలు మెడకి చుట్టుకుని సోలిపోయి ఉన్నారు. అప్పుడు గుమ్మంలోకి ఒక ఆకారం వచ్చింది. గడ్డం దాకా మూసేసే హెల్మెట్టు. మందపాటి తోలు కోటు. చేతులకు గ్లవుజులు. మోకాళ్లకు పట్టీలు, కాళ్లకు చీలమండలు దాటిన బూట్లు. తర్వాత మూల నుంచి ఎవరో నెమ్మదిగా, "చలికాలం వచ్చేసిందర్రా" అన్నారు. రేకులు అదిరిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె హెల్మెట్టు తీసి, కారుతున్న చెమట తుడుచుకుని, "వచ్చేశాను కదా, ఇక మీకు ఉక్కపోత ఉండదులెండి" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. చివరికి వాళ్లింట్లో కూడా అదే పేరు. పాప నాకు ఫోను చేసి, "పెద్దమ్మా, చలికాలం బయల్దేరిందా?" అని అడిగేది.

ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "ఎందుకే తల్లీ ఈ శిక్ష? చూస్తుంటేనే నాకు ఊపిరాడటం లేదు" అన్నాను. ఆమె కుడిచేతి బట్ట మోచేతి పైకి మడిచి చూపించింది. అక్కడ చర్మం వేరే రంగులో, ఇస్త్రీ చెయ్యని గుడ్డలా ముడతలు పడి ఉంది. మన దగ్గర చేరకముందు ఒక వేసవిలో, ఎండకి తాళలేక పొట్టి చేతుల చొక్కాతో బండి తీసిందట. పెద్ద స్పీడు కూడా కాదు. కంకర మీద చక్రం జారింది. ఎముక విరగలేదు, తలకి తగల్లేదు. కానీ కాలుతున్న తారు మీద ఆ చెయ్యి ఈడ్చుకుపోయింది. చర్మంలో దిగిన కంకర నలుసులు తియ్యడానికి ఆసుపత్రిలో బ్రష్షు పెట్టి రుద్దారట, గిన్నెలు తోమినట్టు. "ఆ బ్రష్షు గుర్తొస్తే అక్కా, ఎంత ఎండైనా నాకు చల్లగానే ఉంటుంది" అంది.

ఈ మాట విని ఆమెని మొండి మనిషి అనుకోకండి. ఎండని లెక్కచెయ్యలేదు అనుకోకండి. ఎండంటే ఆమెకి భయం. మనలో ఎవరికీ లేనంత భయం. ఆ మొదటి వేసవిలోనే ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. గొంతు ముద్దగా ఉంది. "అక్కా, కళ్లు తిరుగుతున్నాయి. మూసిన షాపు మెట్ల మీద కూర్చున్నాను. చెమట పట్టడం ఆగిపోయింది. ఇంకెవరినైనా పంపు, డబ్బా తీసుకెళ్తారు. నేను మాత్రం బండి ఎక్కను." అంతే చెప్పింది. దాచుకోలేదు, నామోషీ పడలేదు. మనవాళ్లు వెళ్లేసరికి కోటు విప్పి పక్కన పెట్టుకుని, గోడ నీడలో తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది. ఒంటి మీద నీళ్లు పోసి, ఆటోలో ఇంటికి చేర్చారు.

తర్వాత ఏం చేసి ఉంటుంది? మనమైతే ఏం చేస్తాం? కోటు అటక మీద పడేస్తాం. ఆమె తీసుకెళ్లి భర్త కుట్టు మిషను మీద పెట్టింది. మా మరిది సీటు కవర్లు కుడతారు, మీకు తెలుసు. ఆ రోజు ఆమె అన్న మాట ఆయనే నాకు చెప్పారు. "ఇది వేసుకోకుండా నేను నడపను. ఇది వేసుకుంటే నేను బతకను. ఏదో ఒకటి చెయ్యి."

ఆయన చేశారు. ఆ తోలు కోటు పక్కన పెట్టి, లేత బూడిదరంగు మందపాటి గుడ్డతో కొత్తది మొదలుపెట్టారు. వీపు మీద, చంకల కింద, ఛాతీ మీద సీట్లకు వేసే గట్టి వల గుడ్డ అతికారు. భుజాలకీ మోచేతులకీ వెన్నుకీ మాత్రం గట్టి దళసరి మెత్తలు పెట్టి కుట్టారు. మొదటిసారి కుట్టు పిగిలింది. విప్పి రెండు వరసల కుట్టు వేశారు. ఆమె వేసుకుని వీధిలో అటూ ఇటూ బండి తిప్పుతుంటే, చుట్టుపక్కల షాపులవాళ్లంతా పనులాపి చూశారట. గాలి ఆడుతోందా అని ఈయన షాపు గుమ్మంలోంచి కేకేస్తే, ఆడుతోందని ఆమె చెయ్యి ఊపిందట. తర్వాత లోపల నూలు బనీను తడిపి పిండి వేసుకోవడం నేర్చుకుంది. వలలోంచి గాలి తగిలితే తడి బనీను చల్లబడుతుంది. "నేనిప్పుడు చలికాలాన్ని కాదక్కా, బండెక్కిన కూజాని" అంది. ఆ వేసవి అయ్యేలోపు మన ఆఫీసులో చాలామంది కూజాలు తయారయ్యారు.

బనీను ఆరిపోతే మళ్లీ తడుపుకోవాలి. నీళ్లు తాగాలి. అంటే దారిలో ఆగాలి. ఆగితే ఆలస్యం. మేనేజరు గారు ఇక్కడే ఉన్నారు, ఆయన ముందే చెబుతున్నాను, ఆయన ఏమీ అనుకోరు. "ఆ కోటేదో తీసేస్తే ఈ ఆగడాలు ఉండవు కదమ్మా" అన్నారు ఆయన. ఆమె వెంటనే, "ఎండలో ఆగకుండా తిప్పితేనే అది ఆగడం సార్" అంది. ఆయన ఆ రోజు నవ్వలేదు. కొన్నాళ్లు ఆమెతో ముభావంగా కూడా ఉన్నారు. కానీ ఆ నెలలోనే ల్యాబుకి వెళ్లే దారి మధ్యలో పెట్రోలు బంకు పక్కన గుడ్డ పందిరి వేయించారు, నీళ్ల డ్రమ్ము పెట్టించారు. ఇవాళ మీరంతా బండి ఆపి తల తడుపుకునే నీడ అదే. అక్కడ ఆగినందుకు ఎవరి జీతమూ తగ్గలేదు, ఏ శాంపిలూ పాడవ్వలేదు.

ఇంకొక్కటి చెప్పాలి. పొడుగు, నువ్వు లేవక్కర్లేదు, కూర్చో నాన్నా.

ఆమెని చూసి అందరికంటే పెద్దగా నవ్వినవాడు మన పొడుగు. ఆ మోచేతి మెత్తలు పెట్టుకుంటే ఎండ్రకాయలా ఉంటానని వాడి బాధ. ఆమె వాడితో వాదించలేదు. వాడి భుజాల కొలతలు కంటితోనే చూసుకుని, భర్త చేత ఒక కోటు కుట్టించి తెచ్చి ఇచ్చింది. వాడేం చేశాడు? ఆఫీసు దాటేదాకా వేసుకునేవాడు. మలుపు తిరగ్గానే విప్పి వెనక సీటుకి కట్టేసేవాడు. ఆమెకి తెలుసు. తెలిసీ ఎప్పుడూ వాడిని తిట్టలేదు. "వాడికి బుద్ధి లేక కాదక్కా, వాడికి ఉక్కపోతగా ఉంది. అంతే" అనేది.

ఒకనాడు ఇద్దరినీ ఒకే క్లినిక్కుకి పంపాల్సి వచ్చింది. ఆమె వెనక వస్తోంది కాబట్టి, విప్పడానికి వీల్లేక వాడు కోటుతోనే వెళ్లాడు. రోడ్డు మీద ఏదో లారీలోంచి నూనె కారి ఉంది. ఎండకి మెరుస్తుంటే నీళ్లనుకున్నాడు. బండి ఒక పక్కకీ వాడు ఒక పక్కకీ జారిపోయారు. ఆమె బండి ఆపి పరిగెత్తింది. ఈలోపు వాడు లేచి కూర్చున్నాడు. కోటు చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా అరిగి, లోపలి మెత్త బయటికి వచ్చేసింది. వాడి చెయ్యి మాత్రం కాస్త ఎర్రబడింది. వాడు ఆమె తిడుతుందనుకున్నాడు. "చెప్పానా" అంటుందనుకున్నాడు. ఆ మాట ఆమె అనలేదు. బడి నుంచి పిల్లాడు చింపుకొచ్చిన చొక్కాని చూసినట్టు ఆ కోటుని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ చెయ్యి బాగుంది. కోటుకే చెయ్యి పోయింది. మా ఆయన దగ్గరికి వెళ్లు, కొత్త చెయ్యి పెడతాడు" అంది.

అలాంటి మనిషి. ఆ మనిషికే, అందులోనూ రోడ్డు మీదే, ఇలా జరిగిందంటే ఎలా నమ్మడం?

గురువారం ఏమైందో పోలీసులు చెప్పిందీ చూసినవాళ్లు చెప్పిందీ కలిపి చెబుతున్నాను. ఖాళీ డబ్బాతో క్లినిక్కుకి వెళ్తోంది. సిగ్నల్ దగ్గర ఆగింది. పచ్చలైటు పడ్డాకే కదిలింది. బండి ఇంకా వేగం కూడా అందుకోలేదు. పక్క రోడ్డులోంచి ఇసుక లారీ ఆగకుండా వచ్చి ఆమెని గుద్దేసింది. బ్రేకులు పడలేదని డ్రైవరు అంటున్నాడట. ఆమె తప్పు ఏమీ లేదు. ఎక్కడా ఏమీ లేదు. ఆమె చెయ్యగలిగినవన్నీ చేసింది. అదే నాకు మింగుడుపడటం లేదు.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె మాట్లాడుతోంది. మాట్లాడుతోందండీ. ముఖం మీద గీత లేదు. ఆ పాత మచ్చ తప్ప చేతుల మీద గీత లేదు. హెల్మెట్టు ఒక వైపు గీసుకుపోయింది, తల చెక్కుచెదరలేదు. నేను కారిడార్లోకి వచ్చి అందరికీ ఫోన్లు చేశాను. ఆఫీసుకి చేశాను, ల్యాబుకి చేశాను, పొడుగుకి చేశాను. "ఏం కాలేదు, మనిషి బాగానే ఉంది, ఎవరూ కంగారు పడకండి" అని చెప్పాను. సీటు కవర్ల వీధిలో వాళ్లకి కూడా చెప్పాను. మీలో చాలామంది నా మాట విని ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఫోన్లన్నీ నేను ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోను?

లోపల ఆమె భర్తతో ఏం మాట్లాడుతోందో తెలుసా? పరీక్ష చెయ్యడానికి వీలుగా నర్సులు కోటుని కత్తెరతో కోసేశారు. అది చూసింది. "అయ్యో, కోసేశారా. నువ్వు మళ్లీ మొదటినుంచి కుట్టాలి" అంది. ఆయన "కుడతాలే" అన్నారు. పాప ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. "ఏమైనా తిన్నావా?" అని పాపని అడిగింది. ఆ తర్వాత కడుపులో నొప్పి అంది. ఆపరేషనుకి తీసుకెళ్లారు. సాయంత్రం డాక్టరు గారు బయటికి వచ్చి, తల దించుకుని నిలబడ్డారు.

లోపలి దెబ్బ అన్నారు. అంత బరువు ఒక పక్క నుంచి నొక్కేస్తే ఏ గుడ్డా ఆపలేదన్నారు. ఆ హెల్మెట్టే లేకపోతే ఆమె మా దాకా కూడా వచ్చేది కాదన్నారు. నాకు ఆ మాటలు వినపడ్డాయి. అర్థం కాలేదు. ఎందుకంటే నేను మధ్యాహ్నం ఆమె చేతులు చూశాను. అంత బాగున్న చేతులున్న మనిషి ఎలా పోతుంది?

అక్కడే ఎవరో అన్నారు. ఎవరని నేను చెప్పను. "ఇన్నేళ్లు ఎండలో అవన్నీ మోసి ఏం లాభం? ఏం ఆపింది?" అన్నారు. బాధలోనే అన్నారు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి చూస్తే, గోడ మేకులకి కోట్లన్నీ వేలాడుతున్నాయి. మనవాళ్లు పొట్టి చేతుల చొక్కాలతో బండ్లు తీస్తున్నారు. పొడుగు కూడా. నేను అడగబోతే వాడే ముందు, "ఇంకెందుకు ఫోనక్కా. ఆవిడకే పనికిరాలేదు" అన్నాడు. నేను వెళ్లి ఫోను దగ్గర కూర్చున్నాను.

ఆ తర్వాతి రోజు పాప వచ్చింది, వాళ్లమ్మ సంచి తీసుకెళ్లడానికి. గోడకి వేలాడుతున్న కోట్లు చూసింది. అవన్నీ వాళ్ల నాన్న కుట్టినవి, ఏది ఎవరిదో ఆ పిల్లకి తెలుసు. మనవాళ్లందరినీ చూసి అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఇవి వేసుకుంటే ఎవరూ చచ్చిపోరని మా అమ్మ మీకు చెప్పిందా?"

చెప్పిందా? మీలో ఎవరికైనా చెప్పిందా? ఒక్కసారైనా అందా ఆ మాట?

అప్పుడు ఆ పిల్ల అన్న మాటలు నేను ఉన్నవి ఉన్నట్టు చెబుతున్నాను. "ఆపరేషనుకి తీసుకెళ్లేదాకా అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. అమ్మ నాతో మాట్లాడింది. అమ్మ ముఖం అమ్మ ముఖంలాగే ఉంది. నాకది చాల్లేదు. కానీ ఇవి వేసుకోకపోతే అది కూడా దొరికేది కాదు కదా."

అని సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయింది. కొందరు కోట్లు దించుకున్నారు. కొందరు దించుకోలేదు. దించుకోనివాళ్లని నేను తప్పుపట్టను. వాళ్ల గుండె ఇంకా కుదుటపడలేదు. నాకే కుదుటపడలేదు.

అన్నల్లారా, తమ్ముళ్లారా, ఈ సభ ముగిశాక మీరు బయటికి వెళ్తారు. బయట ఎండ మండుతూ ఉంటుంది. బండి సీటు చెయ్యి పెట్టలేనంత కాలి ఉంటుంది. చేతిలో కోటు ఉంటుంది. వేసుకోవాలా వద్దా అని ఒక్క నిమిషం అనిపిస్తుంది. నేను ఫోను దగ్గర కూర్చునే మనిషిని, మిమ్మల్ని ఎండలోకి పంపే మనిషిని. అది వేసుకుంటే మీకు ఏమీ కాదని నేను మాటివ్వలేను. ఇవాళ ఈ గదిలో ఆ మాట ఎవరూ ఇవ్వలేరు. జారి పడితే లేవడానికి వేసుకోండి. మీ ఇంట్లోవాళ్లు మీ చెయ్యి పట్టుకోవడానికి వేసుకోండి. నీళ్లు తాగండి. బనీను తడుపుకోండి. ఒంట్లో బాగోకపోతే మెట్ల మీద కూర్చుని నాకు ఫోను చెయ్యండి, ఇంకొకరిని పంపుతాను. ఇంతకంటే నాకేమీ తెలియదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇవాళ పొద్దున ఒక క్లినిక్కు నుంచి ఫోను వచ్చింది. దూరం, ఎండ ఎక్కువ, జాగ్రత్తగా తేవాల్సిన శాంపిలు. నేను ఆలోచించలేదు. ఆమె నంబరు నొక్కాను. అది మోగింది. మా మరిది ఎత్తారు. "వదినా" అన్నారు. ఎవరు ముందు పెట్టేశారో కూడా నాకు గుర్తులేదు.

తలుపు దగ్గరున్నవాళ్లు ఆ ఫ్యాన్లు కాసేపు ఆపండి. అన్నీ ఆపండి. ఉక్కపోస్తుంది, పొయ్యనివ్వండి. పెద్దవాళ్లు, లేవలేనివాళ్లు కూర్చునే ఉండండి. మిగతావాళ్లంతా దయచేసి లేచి నిలబడండి. రోజూ ఆమె ఎంత వేడిలో పనిచేసిందో, ఆ వేడిలో కొంచెంసేపు ఆమె కోసం మౌనంగా నిలబడదాం.